అమ్మది క్యాండీ క్రష్, కొడుకుది ఎల్డెన్ రింగ్: ఏది అసలు గేము?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. కావలిలో చిన్న బట్టల షాపు నడుపుకుంటున్నా. బేరాలు లేనప్పుడు ఫోన్లో క్యాండీ క్రష్ ఆడతా, నాలుగు వేల లెవెళ్లు దాటేశా. మా వాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. సెలవులకి ఇంటికొస్తే పొద్దస్తమానం లాప్‌టాప్‌లో ఎల్డెన్ రింగ్ అని ఏదో ఆడతా ఉంటాడు. నాది ‘క్యాజువల్’ అంట, టైంపాస్ అంట, వాడిది ‘హార్డ్‌కోర్’ అంట. అన్నానికి పిలిస్తే ‘ఆపడానికి కుదరదు మా’ అంటాడు. ఆపడానికి కుదరని ఆట ఏంది? మా ఆయనేమో ఇద్దరికీ పిచ్చి పట్టిందంటాడు. ఇప్పుడు వాడు పీఎస్5 అంట, టీవీకి తగిలించి ఆడే మెషిన్, అది కొనివ్వమని ఒకటే గొడవ. అసలు ఈ రెండు రకాలకీ తేడా ఏంది? నేనాడేది ఆట కాదా? వాడితో కలిసి నేను ఆడగలిగేది ఏమైనా ఉందా?
– కావలి నుంచి ఓ పాఠకురాలు

అక్కా, ముందు మీ వాడి తరఫున ఒక మాట చెప్తా, కోప్పడొద్దు. ఆపడానికి కుదరదన్నది సాకు కాదు. ఎల్డెన్ రింగ్‌లో నిజంగానే పాజ్ బటన్ లేదు. మెనూ తెరిచినా, సంచిలో ఏమేం ఉన్నాయో చూసుకుంటున్నా, వెనక నుంచి కత్తి పట్టుకొని వచ్చేవాడు వస్తూనే ఉంటాడు. (గేము వచ్చిన కొత్తల్లో, మెనూలో ఒక మూలనున్న వివరణ పేజీ తెరిస్తే ఆట ఆగిపోతుందని కుర్రాళ్లు ఒక కిటుకు కనిపెట్టారు. మీ వాడికి తెలిసే ఉంటుంది, మీకు చెప్పి ఉండడు.)

ఇప్పుడు మీ ఆట సంగతి చూడండి. మీరు లెవెల్ మధ్యలో ఉండగా ఎవరో వచ్చి చీర మీదకి జాకెట్ ముక్క అడుగుతారు. ఫోన్ బోర్లా పెట్టి లేస్తారు. మ్యాచింగ్ కుదిరేదాకా పది రంగులు తీసి పరుస్తారు, ఆవిడ అన్నీ చూసి మొదటిదే బాగుందంటుంది, దాని మీద మళ్లీ బేరం. అంతా అయ్యి మీరు తిరిగొచ్చి ఫోన్ తిప్పేసరికి ఆ ఎర్ర క్యాండీ ఎక్కడుందో అక్కడే ఉంటుంది, మీకు మిగిలిన పదకొండు మూవ్‌లూ పదకొండే ఉంటాయి.

నన్నడిగితే తేడా అంతా ఇక్కడే మొదలవుతుంది. క్యాజువల్ గేము మీ పనుల మధ్య సందుల్లో ఇమిడిపోతుంది. హార్డ్‌కోర్ గేము మాత్రం, నా కోసం నీ పనులే సర్దుకో అంటుంది. బొమ్మలు ఎంత భయంకరంగా ఉన్నాయి, ఎంత రక్తం కారింది, ఎన్ని వేలు పోసి కొన్నారు, ఫోన్లో ఆడేదా టీవీ మీద ఆడేదా అన్నవన్నీ పైపై సంగతులే. బీజీఎంఐ సంగతే తీసుకోండి, అదేనక్కా, 2020లో పబ్‌జీని బ్యాన్ చేసాక 2021లో పేరు మార్చుకొని వచ్చింది చూడండి, అది. ఫోన్లోనే ఆడతారు, ఉచితంగానే వస్తుంది. అయినా వంద మంది ఒకేసారి దిగి ఆడే మ్యాచ్ అది, పెద్ద మ్యాపులో చివరిదాకా నిలబడితే అరగంట దాకా పడుతుంది, మధ్యలో లేచి వెళ్లిపోతే టీములో మిగతా ముగ్గురూ మునుగుతారు. దాన్ని సీరియస్‌గా ఆడే పిల్లల్ని ఫోన్లోదే కదా అని తీసిపారేయడానికి లేదు.

అన్నం విషయంలో మీరు చేయగలిగింది ఒకటుంది. వాడు బాస్‌తో, అంటే దారికి అడ్డంగా నిలబడే పెద్ద విలన్‌తో, కొట్లాటలో ఉంటే ఆ పోరు మామూలుగా కొన్ని నిమిషాలే, గెలవడమో చావడమో ఏదో ఒకటి తొందరగానే తేలిపోతుంది. మిగతా సమయంలో గేము నుంచి బయటికొచ్చేస్తే ఎక్కడున్నాడో అక్కడే సేవ్ అవుతుంది. కాబట్టి ‘ఐదు నిమిషాలు మా’ అంటే నమ్మండి, ‘గంటలో వస్తా’ అంటే నమ్మొద్దు. వడ్డించాక పిలవడం మానేసి, అన్నం ఉడుకుతుండగా ‘ఇంకో పావుగంట’ అని ఒక కేక వేయండి. చేపల పులుసు మరుసటి రోజుకి ఇంకా బాగుంటుంది గానీ అన్నం చల్లారితే దేనికీ పనికిరాదు కదా.

ఇక రెండో తేడా, ఓడిపోయినప్పుడు గేము మీతో ఎట్లా ఉంటుందన్నది. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే మీ ఇద్దరి మధ్య మాట తేడా వచ్చింది నిజానికి దీని గురించే అని నా అనుమానం.

ఎల్డెన్ రింగ్‌లో ఒక కోట దారిలో మార్గిట్ అనే ముసలి రాక్షసుడు ఉంటాడు, చేతిలో పెద్ద కర్ర. మొదటి పెద్ద పరీక్ష వాడే. వాడు కర్ర పైకెత్తుతాడు. మనం భయపడి పక్కకి దొర్లుతాం. కానీ వాడు కొట్టడు. కర్ర అట్లాగే గాల్లో పట్టుకొని ఒక్క క్షణం ఆగి, మనం దొర్లడం పూర్తయి లేచేసరికి సరిగ్గా నెత్తిన వేస్తాడు. కొత్తగా ఆడేవాళ్లంతా చచ్చేది అక్కడే. చచ్చినప్పుడు అప్పటిదాకా కూడబెట్టిన రూన్స్, అంటే ఆ గేములో డబ్బూ అదే, లెవెల్ పెంచుకునే పుణ్యమూ అదే, చచ్చిన చోటే పడిపోతాయి. మళ్లీ అక్కడిదాకా వెళ్లి తెచ్చుకోవాలి, దారిలో ఇంకోసారి చస్తే అవి పోయినట్టే. ఈజీ, మీడియం, హార్డ్ అని ఎంచుకునే వీలు కూడా లేదు. అందరికీ ఒకటే మార్గిట్.

మరి ఇంత హింస పడుతూ ఎందుకాడతారంటే, ఆ కర్ర ప్రతిసారీ అట్లాగే లేస్తుంది కాబట్టి. ఇవాళ మోసపోయినవాడు రేపు దాని లయ పట్టుకుంటాడు, ఎత్తినప్పుడు కాకుండా దించేటప్పుడు దొర్లాలని చేతికి తెలిసిపోతుంది. గేము మారలేదు, ఆడేవాడు మారాడు. ఆ క్షణం రుచి మరిగినవాడికి ఇంకేదీ రుచించదు, మీ వాడు ఆ దశలో ఉన్నాడు.

క్యాండీ క్రష్‌లో ఓడిపోతే ఒక లైఫ్ పోతుంది. మొత్తం ఐదు. ఒక్కోటి తిరిగి రావడానికి అరగంట. ఆగలేకపోతే డబ్బు. ఇంకో రెండు మూవ్‌లు ఉంటే గెలిచేవాళ్లం అన్నప్పుడు కరెక్ట్‌గా ఐదు మూవ్‌లు ఇస్తా, బంగారు బిస్కెట్లు ఇవ్వు అని అడుగుతుంది చూశారా, అదీ దాని కర్ర. మార్గిట్ మీ ఓపికని పరీక్షిస్తాడు, ఇదేమో మీ ఓపిక అయిపోయే క్షణం కోసం కాచుక్కూర్చుంటుంది. పైగా పై నుంచి ఏ రంగు రాలుతుందో మన చేతిలో లేదు. మన ఆటల్లో చెప్పాలంటే ఇది అష్టాచెమ్మాకి దగ్గర, ఎంత తెలివిగా కాయ జరిపినా ముందు గవ్వలు పడాలి. వాడిదేమో పులిజూదం బాపతు. మూడు పులులు, పదిహేను మేకలు, అంతా గీతల మీద కళ్ల ముందే ఉంటుంది, ఓడిపోతే తప్పు మనదే, గవ్వల మీదకి నెట్టడానికి లేదు.

అట్లాగని మీ ఆటలో తెలివి లేదని కాదక్కా. ఐదు కలిపి కలర్ బాంబు చేసి, దాన్ని వెంటనే వాడేయకుండా, పక్కకి చారల క్యాండీ వచ్చేదాకా దాచి, రెండూ కలిపి పేల్చడం, ఆ ఓపిక ఊరికే రాదు. నాలుగు వేల లెవెళ్లు అదృష్టంతో దాటలేరు. ఆ గేములో లెవెళ్లు పదివేలు దాటి ఇంకా వస్తూనే ఉన్నాయి కాబట్టి మీకు ముగింపు కూడా ఇప్పట్లో లేదు.

మూడో తేడా గురించి ఎవరూ మాట్లాడరు గానీ కొత్తవాళ్లకి అదే అసలు గోడ. ఈ పెద్ద గేములు మీకు ముందే ఏదో వచ్చు అనుకొని మొదలవుతాయి. కంట్రోలర్ అని, రెండు చేతులా పట్టుకొని ఆడే రిమోట్ లాంటిది, దాని మీద రెండు చిన్న పుల్లలుంటాయి, ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో తల తిప్పి చూడాలి, రెండూ ఒకేసారి. చిన్నప్పటి నుంచీ ఆడిన పిల్లలకి అది నడక లాంటిది, చెప్పమంటే చెప్పలేరు కూడా. మొదటిసారి పట్టుకున్నవాళ్లు ఆకాశం చూస్తూ గోడకి గుద్దుకుంటూ ఉంటారు. అక్కడ పిల్లలు నవ్వుతారు, పెద్దవాళ్లు కంట్రోలర్ కింద పెట్టేస్తారు, ‘మాకెందుకులే ఇవన్నీ’ అంటారు, కథ అంతే. క్యాండీ క్రష్‌కి వేలితో జరపడం తెలిస్తే చాలు. 1990లో విండోస్‌తో పాటు సాలిటైర్ పేకాట వచ్చినప్పుడూ అంతే, మౌస్ పట్టుకొని లాగడం జనానికి అలవాటవ్వాలని పెట్టారు దాన్ని. మన ఆఫీసుల్లో అలవాటు కాస్త ఎక్కువే అయిందనుకోండి.

ఈ క్యాజువల్ అనే ముద్ర కూడా అట్లా వచ్చిందే. 2006లో నింటెండో వీ అని ఒక మెషిన్ తెచ్చింది. పుల్లలూ బటన్లూ పెద్దగా అక్కర్లేదు, రిమోట్ లాంటిది పట్టుకొని చెయ్యి ఊపితే టీవీలో టెన్నిస్ బ్యాట్ ఊగుతుంది. అమ్మమ్మలూ తాతయ్యలూ ఆడారు, పది కోట్లకి పైగా అమ్ముడుపోయింది. అంతకుముందు నుంచీ ఆడుతున్న కుర్రాళ్లకి ఇది నచ్చలేదు, తమ పేటలోకి ఎవరో కొత్తవాళ్లు వచ్చినట్టు ఫీలయ్యారు, మాది హార్డ్‌కోర్, వాళ్లది క్యాజువల్ అని గీత గట్టిగా గీసింది ఆ రోజుల్లోనే. మా నెల్లూరులో నెట్ సెంటర్లు జోరుగా నడిచిన రోజుల్లో కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల గేము ఆడే బ్యాచ్‌ని చూశా, గంటకింత అని కట్టి, ఫ్యాన్ కూడా సరిగా తిరగని గదిలో చెమటలు కారుతూ ఆడేవాళ్లు. వాళ్లెవరికీ ఈ మాటలు తెలియవు. బాగా ఆడేవాడు, పక్కోడి స్క్రీన్ చూసి ఆడేవాడు, వాళ్లకి రెండే రకాలు.

ఇంకో చిక్కు ఏందంటే, గేము వేరు, ఆడే మనిషి వేరు. టెట్రిస్ చూడండి. 1984లో మాస్కోలో పుట్టింది, పైనుంచి ఇటుకలు పడతాయి, వరసలో సర్దాలి, అంతే. చిన్నపిల్లలు కూడా ఒక నిమిషంలో నేర్చుకుంటారు. నింటెండో వాళ్లు 1989లో తెచ్చిన టెట్రిస్‌లో 29వ లెవెల్ దగ్గర ఇటుకలు ఎంత వేగంగా పడతాయంటే, అక్కడితో మనిషి పని అయిపోయినట్టే అని ఏళ్ల తరబడి అనుకున్నారు. తర్వాత కుర్రాళ్లు కంట్రోలర్ వెనక వైపు వేళ్లు వరసగా దొర్లిస్తూ కొట్టే పద్ధతి ఒకటి కనిపెట్టారు. 2023 డిసెంబరులో అమెరికాలోని ఓక్లహోమాలో 13 ఏళ్ల పిల్లాడు 157వ లెవెల్ దాకా వెళ్లాడు. అక్కడ గేమే తట్టుకోలేక స్క్రీన్ బిగుసుకుపోయింది. ఇంతకంటే క్యాజువల్ గేము ఉండదు, ఇంతకంటే హార్డ్‌కోర్‌గా ఆడినవాడూ ఉండడు. అటు వైపు, ఎల్డెన్ రింగ్‌నే గుర్రమెక్కి ఊరికే అడవులూ చెరువులూ చూసుకుంటూ తిరిగేవాళ్లున్నారు, కష్టమైన చోట సాయానికి ఇంకో ఆటగాణ్ని పిలుచుకొని గట్టెక్కేవాళ్లూ ఉన్నారు. ఆ సాయం గేము చేసినవాళ్లే పెట్టారు, అదేం దొంగతనం కాదు.

మీ లెక్కలో మీరు క్యాజువల్ గేముని హార్డ్‌కోర్‌గా ఆడే మనిషి అక్కా. ఈ మాట మీ వాడికి వినిపించండి. ఈ పేరా వాడికే:

అబ్బయ్యా, మీ అమ్మ నాలుగు వేల లెవెళ్లు షాపు నడుపుతూ దాటింది. నువ్వు పరీక్షలు తప్పించుకుంటూ మార్గిట్‌ని కొట్టావు, సంతోషం. ఒక్క విషయం చెప్తా విను. ఎక్స్‌బాక్స్ చేసే మైక్రోసాఫ్ట్ 2023లో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ని దాదాపు 6,900 కోట్ల డాలర్లకి కొన్నది చూడు, ఆ ఒక్క బేరంలో కాల్ ఆఫ్ డ్యూటీతో పాటు క్యాండీ క్రష్ కూడా వచ్చింది. అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ లేని చిన్నచూపు నీకెందుకు? కంట్రోలర్ మొదటిసారి పట్టుకున్న మనిషిని చూసి నవ్వకు. నువ్వు మొదటిసారి సైకిలెక్కినప్పుడు ఆమె నవ్వి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు.

మీ ఆయన పిచ్చి అన్నారు కదా, దానికి కూడా ఒక కొలత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో గేమింగ్ డిజార్డర్‌ని జబ్బుల జాబితాలో చేర్చింది. ఎన్ని గంటలు ఆడారన్నది అందులో గీటురాయి కాదు. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకి రావడం, నష్టం కనపడుతున్నా ఆగకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాది పాటు సాగితే అప్పుడు డాక్టరు దాకా వెళ్లే విషయం. సెలవుల్లో కొట్లాడుకుంటూ ఆడినంత మాత్రాన కాదు. వాడికి సబ్జెక్టులు మిగిలిపోతున్నాయా, నిద్ర ఎట్లా ఉంది, స్నేహితుల్ని కలుస్తున్నాడా అన్నవి చూడండి. మీ వైపు చూసుకోవాల్సింది ఒకటే, ఆ గేముకి ఇప్పటిదాకా ఎన్నిసార్లు డబ్బు కట్టారో. అన్నట్టు డబ్బు కట్టి ఆడే రమ్మీ లాంటివాటిని ఈ రెండు రకాల్లో దేంట్లోనూ కలపొద్దు. అవి జూదం, మన రాష్ట్రం 2020లోనే వద్దంది, 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది.

ఇక కలిసి ఆడేది. ఎల్డెన్ రింగ్‌తో మొదలెట్టొద్దు, పంతానికి పోయి అసలే వద్దు. రెండు చెప్తా. ఒకటి స్టార్డ్యూ వ్యాలీ, 2016లో వచ్చింది, ఒక్క మనిషి నాలుగేళ్లకి పైగా కూర్చొని చేసిన గేము. తాతగారి పొలం మనకొస్తుంది, దున్నాలి, విత్తనాలేయాలి, నీళ్లు పెట్టాలి, చేపలు పట్టాలి. మన నెల్లూరోళ్లకి చెప్పక్కర్లేని పనులు, ఎండ మాత్రం తగలదు. గేములో ఒక రోజు మన లెక్కలో పావుగంట లోపే, పడుకుంటే సేవ్ అవుతుంది. షాపు కట్టేసి వచ్చాక రెండు మూడు రోజులు సాగు చేసుకోవచ్చు. ఇద్దరూ ఒకే పొలంలో ఉండొచ్చు. చూడ్డానికి మెత్తగా ఉంటుంది గానీ ఏ పంట ఎన్నాళ్లకి చేతికొస్తుంది, ఏది వేస్తే లాభం అని లెక్కలు కట్టుకునేవాళ్లకి లోతు బాగా ఉంది. లెక్కల్లో మీరు వాణ్ని మించిపోతారని నా నమ్మకం.

రెండోది ఇట్ టేక్స్ టూ, 2021లో వచ్చింది. ఇద్దరు లేకుండా ఆడటానికే కుదరదు, స్క్రీన్ రెండు ముక్కలై ఒకరి సగం ఒకరిది. విడిపోదామనుకున్న మొగుడూ పెళ్లాం బొమ్మలుగా మారిపోయి, ఇంట్లో పనిముట్ల మధ్య కలిసి దారి వెతుక్కుంటారు. ఒకరి చేతిలో మేకులు, ఇంకొకరి చేతిలో సుత్తి, ఇట్లా ఉంటుంది పని. చచ్చినా పోయేదేం లేదు, ఒక బటన్ నాలుగు సార్లు నొక్కితే లేచొస్తారు. ఇద్దరూ చెయ్యి వేస్తేనే దారి తెరుచుకుంటుంది, వాడు మిమ్మల్ని వదిలి ముందుకి పోలేడు, అందుకే దీన్ని చెప్పింది. ఆ రెండు పుల్లల సంగతి మాత్రం ముందే తేల్చుకోండి. మొదటి రోజు కథలోకి దిగకుండా, ఊరికే నడవడం, తల తిప్పడం, దూకడం, ఒక అరగంట అంతే. పైకి చూడాలంటే పుల్ల ఏ వైపు నొక్కాలో కొందరికి తిరగబడి ఉంటుంది, సెట్టింగుల్లో మార్చుకోవచ్చు, వాణ్నే మార్చమనండి.

పీఎస్5 ఇప్పుడే వద్దు. యాభై వేల పైమాట, దాని మీద ఒక్కో పెద్ద గేముకీ మళ్లీ వేలల్లోనే. ఎల్డెన్ రింగ్ ఆడుతున్న లాప్‌టాప్ నేను చెప్పిన రెండు గేముల్నీ మోస్తుంది. పైగా వచ్చే ఏడు వాడు ప్రాజెక్టు, ప్లేస్‌మెంట్లు అని తిరుగుతాడు, అది టీవీ కింద దుమ్ము పట్టి పడుంటుంది, మీరేమో దాని ఈఎంఐ కడుతూ ఉంటారు. ఇప్పటికి రెండు మూడు వేలలో ఒక్క కంట్రోలర్ కొనండి. ఒకటి చాలు, ఇట్ టేక్స్ టూలో ఒకరు కంట్రోలర్ పట్టుకుంటే రెండోవాళ్లు కీబోర్డ్ మీద ఆడొచ్చు. కంట్రోలర్ మీరు తీసుకోండి, కీబోర్డ్ వాడికివ్వండి, వాడికెట్లాగూ అలవాటే.